నూలుకు పోసే గంజి

కోరుట్లలో పిల్లల డాక్టరమ్మ మా మనవరాలి పొట్ట మీద రెండు వేళ్ళు పెట్టి తట్టి చూసింది. పాపకు మూడు వారాలుగా విరేచనాలు. జ్వరం తగ్గింది, వాంతులు తగ్గాయి, అవి మాత్రం తగ్గలేదు. మా కోడలు సంచిలోంచి పాల సీసా తీసి పాప నోటికి అందిస్తూ, "బలం తగ్గొద్దని పాలు మాత్రం ఆపుతలేను మేడం, రోజుకు ఐదారుసార్లు ఇస్తున్న," అంది.

"అవ్వే ఆపాలమ్మా," అంది డాక్టరమ్మ. "పేగు లోపలి పొర దెబ్బతిన్నది. పాలు అరిగించుకునే శక్తి ఇప్పుడు దానికి లేదు. కొన్ని వారాలు పాలు బంద్ పెట్టుండ్రి. పల్చగ గంజి తాపుండ్రి. పెరుగన్నం మెత్తగ పిసికి పెట్టుండ్రి. అరటిపండు ఇయ్యుండ్రి. ఒంట్లె నీళ్ళు తగ్గకుండ ఈ పొడి నీళ్ళల్ల కలిపి తాపుండ్రి. పేగు మానినంక పాలు మళ్ళ మెల్లగ మొదలుపెడ్దాం."

ఆటో ఎక్కాక కోడలు అడిగింది: "అత్తమ్మా, గంజి ఎట్ల చేస్తరు? ప్యాకెట్ దొరుకుతదా?"

ఆమె మాట వినిపించింది. ఆటో కోరుట్ల బజారులోనే పోతున్నది కానీ నేను అప్పటికే సిరిసిల్లలో, మా ఇంటి వెనుక వాకిట్లో, మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. నాకు పదకొండేళ్ళు. చేతిలో గంజి గరిటె.

మాది నేతపని చేసే ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనుక గదిలో వంట, మధ్య గోడకు దేవుడి గూడు. ఇల్లంతా నూలు వాసన, గంజి వాసన. ఆ వాసనను మాటల్లో చెప్పడం కష్టం. తడిసిన బట్ట, ఉడికిన బియ్యప్పిండి, కాస్త పులుపు, వీటన్నిటి మీద బాపు చెమట. బాపు అంటే మా నాన్న. అమ్మను అవ్వ అనేవాళ్ళం. బాపు తల్లి బాపమ్మ.

పడుగు దారాలకు గంజి పట్టాలి. అది పట్టకపోతే మగ్గం మీద దారం నిలవదు, పుటుక్కున తెగుతుంది. గంజిలో ఒక్క ఉండ ఉన్నా అంతే. అందుకే గంజి కాచే పని అందరి చేతికీ ఇవ్వరు. నాకు ఎనిమిదేళ్ళప్పుడే బాపు ఆ పని నాకిచ్చాడు. పిండిని చల్లనీళ్ళలో కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉండాలి, దించాక పాత ధోవతి గుడ్డలో వడకట్టాలి. నేను వడకట్టిన గంజిని బాపు వేలితో ముట్టి చూసి, "పాల లెక్క ఉన్నది బిడ్డా," అనేవాడు, పాలలాగే ఉందని. అంతకు మించిన మెప్పు నాకు ఆ ఇంట్లో దొరకలేదు.

నన్ను బడికి పంపలేదు. రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి, గంజి కాచాలి, బడికి ఎప్పుడు పోవాలి? అక్షరాలు బాపే నేర్పాడు. నేస్తూ నేస్తూ ఆగి, సాగిన బట్ట మీద వేలితో రాసి చూపేవాడు. నేను రాట్నం ఆపి, నేల మీద బొగ్గుతో దిద్దేదాన్ని. మా ఇంట్లో ఉన్న ఒక్క పురాణం పుస్తకం అట్లా కూడబలుక్కుని చదివాను. అట్ట పోయిన ఆ పుస్తకం ఇప్పటికీ నా పూజ అల్మారాలో ఉంది. బడి లేకపోయినా బాపు నాకు చదువు ఇచ్చాడు. ఆ రుణం తీరేది కాదు.

ఇది ఈనాటి మాట. అప్పుడు అట్లా అనుకోలేదు. ఎందుకంటే మా చెల్లె బడికి పోయేది.

చెల్లెకు ఆరేళ్ళు. దానికి పలక, నల్లగుడ్డ సంచి, రెండు జడలకు రెండు ఎర్ర రిబ్బన్లు. పొద్దున్నే అవ్వ దాన్ని రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలు వేస్తుంటే నేను రాట్నం దగ్గర కూర్చుని చూసేదాన్ని. నా జడ నేనే వేసుకునేదాన్ని. అది బడి నుంచి వచ్చి పాఠం అప్పజెబుతుంటే, నాకు వచ్చిన అక్షరాలు దానికింకా రాలేదని తెలిసి కూడా, దాని గొంతు వినలేక రాట్నం గట్టిగా తిప్పేదాన్ని. ఓర్వలేకపోయేదాన్ని. ఇంత వయసొచ్చాక దాచి రాయడం ఎందుకు?

అందుకే ఆ ఏడాది బడులు బంద్ అయినప్పుడు మా వాడలో అందరికంటే సంతోషించింది నేనే అనుకుంటాను.

అప్పుడు తెలంగాణ కొట్లాట జోరు మీద ఉంది. గోడల మీద బొగ్గుతో, సున్నంతో జై తెలంగాణ అని రాతలు. ఆ రాతల్ని నిలబడి చదివేదాన్ని. పెద్ద పిల్లలు ఊరేగింపులు తీసేవారు. ఒకరోజు బస్సులుండేవి, మూడు రోజులుండేవి కావు. నూలు బండ్లు రావడం తగ్గింది. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. అవ్వ బీడీలు చుట్టేది, ఇంటిల్లిపాది కడుపు వాటి మీదే. పడుగు లేకపోయినా గంజి కుండ పొయ్యి దిగలేదు. నూలుకు పోసేదాన్ని ఇప్పుడు మేమే ఉప్పు వేసుకుని తాగుతున్నాం. బాపమ్మ ఆ గంజి తాగేటప్పుడు వీధి తలుపు దగ్గరికి వేయించేది, ఎవరైనా చూస్తారని.

ఒకనాడు ఊరేగింపు మా వాడ మీదుగా పోతుంటే బాపు చెల్లెను భుజం మీద ఎక్కించుకుని వెంట పోయాడు. నేను కండెలు వదిలి గడపలోకి వచ్చి నిలబడ్డాను. "నువ్వు పెద్దదానివి, ఇంట్ల ఉండు," అన్నాడు. అది బాపు భుజం మీద నుంచి నాకు చేయి ఊపింది. తిరిగి వచ్చేటప్పటికి దాని నాలుక ఎర్రగా ఉంది. ఎవరో పిల్లలందరికీ రంగు షర్బత్ పోశారట. దాని మీద సగం పండని మామిడికాయలు తిన్నదట. నాలుక బయట పెట్టి నాకు చూపించింది.

మరునాటికి చెల్లెకు నెత్తురుతో బంక విరేచనాలు పట్టుకున్నాయి.

దవాఖానలో గోలీలు ఇచ్చారు. నెత్తురు పడటం ఆగింది కానీ విరేచనాలు ఆగలేదు. పది రోజులు, పదిహేను రోజులు. చెల్లె చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం ఉబ్బి డప్పులా మోగేది. అవ్వ గూట్లో దీపం పెట్టి వేములవాడ రాజన్నకు మొక్కింది. పిల్ల లేచి తిరిగితే గుడిలో కోడెను కట్టేస్తానని, అప్పటిదాకా దినాం పాలు నీకు చూపించి నీ పేరు మీద పిల్లకు తాపిస్తానని.

మా ఇంట్లో పాలంటే చాయ్ రంగు మారేటంత. ఇప్పుడు పొద్దున చెంబెడు, మాపున చెంబెడు. బాపు పొద్దున్నే పోయి, ఎవరి ఇంట్లో ఏ పని చేసిచ్చేవాడో, ఆ పాలు తెచ్చేవాడు. అవ్వ కాచి, ఇత్తడి గిలాసలో పోసి, గూట్లో పెట్టి, చేతులు జోడించేది. కాగిన పాల వాసన ఇల్లంతా నిండేది. గంజి తాగి లేచిన నాకు ఆ వాసన ఎంత బాధ పెట్టిందో ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు.

పాలొక్కటే కాదు. వీధి గాలి తగిలే చోట మంచం దానిదే. బాపు పనికని వేములవాడ దాకా నడిచిపోయి తలగుడ్డలో రెండు దానిమ్మకాయలు కట్టుకొచ్చాడు. గింజలు దానికి. తొక్కలు ఎండబెట్టే పని నాకు. ఎవరూ చూడకుండా తొక్క లోపలి పసుపు పొరను పళ్ళతో గీకి తిన్నాను. చేదు.

దాని గుడ్డలు ఉతికే పని కూడా నాదే. పొద్దున్నే ఆ గుడ్డల మూట పట్టుకుని మానేరు వాగుకు పోయేదాన్ని. ఎండాకాలం, ఇసుకలో చెలిమె తీసి నీళ్ళు తోడుకోవాలి. ఆ గుడ్డల నుంచి పుల్లని వాసన వచ్చేది, నురగ నురగగా ఉండేది. పక్కన చాకలామె ముక్కు మూసుకుని, "ఏం పెడుతున్నరే దానికి, కల్లు పోస్తున్నరా?" అని నవ్వేది. చెల్లె ఒళ్ళు ఎట్లా ఉందో ఇంట్లో అందరికీ తెలుసు. దాని గుడ్డలు ఎట్లా ఉన్నాయో నాకొక్కదానికే తెలుసు. ఈ మాట తర్వాత అక్కరకొస్తుంది.

మా గోడ అవతల ఒక ముసలి సాయిబుల ఆమె ఉండేది. ఊరందరూ దాదీ అనేవాళ్ళు. బొంతలు కుట్టేది. వాడలో ఏ పసిపిల్లకు పానం బాగలేకున్నా గిలాసలో నీళ్ళు పట్టుకుని ఆమె దగ్గరికే పోయేవాళ్ళు. ఆమె పెదవులు కదిలిస్తూ దుఆ చదివి ఆ నీళ్ళ మీద ఊదేది. ఆమె ఒకరోజు వచ్చి చెల్లె పొట్ట ముట్టి చూసింది.

"పేగులు పుండైనయి. జెర పాలు ఆపి సూడుండ్రి. గంజి తేట పోసి సూడుండ్రి," అంది.

బాపమ్మ మొహం చిట్లించింది. "ఏం మాటనమ్మా గది. లోకమంతా రోగమొస్తె పాలు తాపుతది. గంజి మేం నూలుకు పోస్తం, గట్టిపడాల్నని. పిల్లకు పోస్తమా?"

"నూలు గట్టిపడంగ పిల్ల గట్టిపడదా?"

"ఊకో దాదీ. మేం తాగుతున్నది సాలదా? పానం మీదున్న పోరికి సుత గంజి పోస్తె నలుగురు నవ్వరా? మొక్కుకున్న పాలు ఎట్ల ఆపుతం?"

దాదీ లేచి తన ఇంటికి పోయింది. నేను కండెలు చుడుతూ ఈ మాటలన్నీ విన్నాను. వైద్యం సంగతి నా తలకెక్కలేదు. ఎక్కింది ఒకటే: గంజి చిన్నతనం, పాలు పెద్దరికం. నేను గంజి, చెల్లె పాలు.

రెండు రోజుల తర్వాత అవ్వ బీడీల గంప ముందు నుంచి లేవకుండా, "గూట్లె పాలు సల్లారినట్టున్నయి, చెల్లెకు తాపిపో," అంది. గిలాస తీశాను. పైన మీగడ కట్టింది. మగ్గం వెనక్కి పోయాను. బాపు లేడు, ఖాళీ గుంట. గుంట అంచున కూర్చుని ఒక్క గుక్క తాగాను. ఆ తర్వాత ఇంకొకటి. ఆ రుచిని ఇప్పుడు తాగే ఏ పాలలోనూ నేను మళ్ళీ చూడలేదు. గిలాస సగమయ్యాక భయం వేసింది. రాజన్నకు చూపించిన పాలు. తప్పు చేశానని తెలుసు. కానీ చేయి ఆగలేదు, మిగిలిన సగం కూడా తాగేశాను.

పొయ్యి మీద గంజి కుండ ఉంది. గుడ్డలో రెండుసార్లు వడకట్టాను. ఉండ లేదు, నలక లేదు. పాల లెక్క ఉంది. గిలాస నింపి చెల్లె దగ్గరికి పోయాను.

అది లేచి కూర్చోలేకపోయింది. తల కింద చేయి పెట్టి ఎత్తి, గిలాస నోటికి ఆనించాను. అది గిలాసలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళు అంత పెద్దవని అప్పటిదాకా నాకు తెలియదు. రోజూ పాలంటే తల తిప్పుకుని ఏడ్చేది. ఆనాడు ఏమీ అనకుండా తాగడం మొదలుపెట్టింది. ఎవరైనా వచ్చి గిలాస అడుగు చూస్తారని, ఆఖరి చుక్క దాకా దాని తల అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

గంజికీ పాలకూ తేడా తెలియని దానికి బడి ఒకటా, అనుకున్నాను.

ఆనాటి నుంచి అదే వరస. అవ్వ గూట్లో పెట్టేది, నేను తాగేదాన్ని, చెల్లెకు గంజి పోసేదాన్ని. దేవుడికి మాత్రం చెప్పేదాన్ని. గూటి ముందు నిలబడి, రేపటి నుంచి తాగను రాజన్నా అని రోజూ చెప్పేదాన్ని. నాకు బుగ్గలు వచ్చాయి. బాపమ్మ ఒకరోజు నా గదవ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం ఇడ్డూరమే, చెల్లె పాలు తాగుతుంటె అక్క బలుస్తున్నది," అంది. బాపు నవ్వాడు. నేను గదవ విడిపించుకుని రాట్నం దగ్గరికి పోయాను.

నాలుగైదు రోజులకు వాగు దగ్గర మూట విప్పి చూస్తే గుడ్డలు తక్కువున్నాయి. పుల్లని వాసన లేదు. నురగ లేదు. నేను సంతోషించానని రాయాలని ఉంది. కానీ నాకు మొదట కలిగింది సంతోషం కాదు. ఇంట్లో అవ్వ, "రాజన్న పాలు పని చేస్తున్నయి," అని బాపుతో అంటుంటే ఒళ్ళు మండింది. కాచింది నేను, వడకట్టింది నేను, పట్టుకుని తాపింది నేను. పేరు పాలకు. నోరు తెరిచి చెప్పుకోవడానికి లేదు.

అప్పుడు ఇంట్లో బియ్యం అయిపోయాయి. బస్సులు లేవు. మా మేనమామది చందుర్తి. గింజలు తెద్దామని బాపు నన్ను తోడు తీసుకుని నడిచి బయలుదేరాడు. మేనమామ ఇంట్లో రెండు రోజులున్నాం. అత్తమ్మ నాకు మక్క గట్కలో చల్ల పోసి పెట్టింది. ఆ రెండు రోజులు బాపు నా ఒక్కదానివాడు. దారంతా పురాణంలో కథలు అడిగాను, చెప్పాడు. వచ్చేటప్పుడు నెత్తి మీద మూట ఉన్నా బరువనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి చెల్లె కళ్ళు గుంటలు పడ్డాయి. పెదవులు ఎండాయి. పిలిస్తే పలకడం లేదు. మేము లేనన్ని రోజులూ అవ్వే స్వయంగా తాపింది, చిక్కగా, రోజుకు మూడు గిలాసలు. "ఉన్నట్టుండి తిరగబెట్టింది. ఏం పాపం చేసిన్నో," అని మూలకు కూర్చుంది. బాపు మూట దించీ దించకముందే ఎడ్లబండి కోసం పోయాడు, జిల్లా పెద్ద దవాఖానకు తీసుకపోదామని. బంద్ రోజులు, దారిలో బండ్లు ఆపుతున్నారని ఎవరూ ఎడ్లు కట్టలేదు.

వెనుక వాకిట్లో గుడ్డల కుప్ప ఉంది, నా కోసం. మూట కట్టబోతుంటే ఆ వాసన కొట్టింది. అదే పులుపు. అదే నురగ.

ఆ కుప్ప ముందు నిలబడే నాకు తెలిసింది. ఎవరూ చెప్పలేదు. పాలు తాగితే ఇది, గంజి తాగితే అది. నాకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. చెప్పాలంటే మొక్కుపాలు ఇన్ని రోజులు నేను తాగానని చెప్పాలి. బాపు "పాల లెక్క ఉన్నది బిడ్డా" అని మెచ్చిన చేతితోనే నేనేం చేశానో చెప్పాలి. చెప్పకపోతే ఇంకో గిలాస గూట్లో ఉంది.

ఇంట్లోకి పోలేదు. గోడ ఎక్కి దాదీ వాకిట్లోకి దూకాను. ఆమె బొంతకు దారం ఎక్కిస్తున్నది. నేను ఏడ్చిన తీరుకు సగం మాటలు అర్థమై ఉండవు. అయినా సూది పక్కన పెట్టి మొత్తం విన్నది.

"ఎన్ని దినాలు తాపినవ్?"

"ఎనిమిది."

"ఎనిమిది దినాలు మంచిగున్నదా?"

"ఉన్నది. గుడ్డలు నేనే పిండుత గద. నన్ను ఏం జేస్తరు దాదీ? రాజన్న పాలు..."

"రాజన్న చూసిండు. అల్లా చూసిండు. ఇద్దరికి ఎర్కనే. ఇగ మీ బాపమ్మకు ఎందుకు ఎర్క కావాలె?" అని లేచింది. "నడువు."

దాదీ మా ఇంటికి వచ్చి ఎవరితోనూ వాదించలేదు. చెల్లె నుదురు ముట్టి, అవ్వతో, "బేటీ, పిల్లకు దిష్టి గట్టిగ ఉన్నది. ఇప్పటిసంది నువ్వు గూట్లె చూపించినంక గా పాలు నా తానికి పంపు. దుఆ చదివి పంపుత. మీ దేవుడు, మా దేవుడు ఇద్దరి పేరు ఉంటది. పెద్ద బిడ్డ తెస్తది, పెద్ద బిడ్డనే తాపుతది. ఇంకెవ్వరు చెయ్యి పెట్టొద్దు," అంది.

అవ్వ రెండు చేతులూ జోడించింది. బాపమ్మ కూడా తల ఊపింది.

దాదీ వాకిట్లో నేను గంజి కాచాను. "పులిసిన కుండలది వద్దు, తాజాగ కాయి. ఇంక పల్చగ. ఉప్పు జెరంత, బెల్లం జెరంత," అని పక్కన కూర్చుని చెప్పింది. కాచాక ఆ గిలాస రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుని నిజంగానే దుఆ చదివింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. "ఏంది? అబద్ధమాడిన అనుకున్నవా? చదువుత అన్న, చదివిన. పాల మీదనా గంజి మీదనా అని ఎవరడిగిండ్రు?"

ఆనాడు చెంచా చెంచా పోశాను. మళ్ళీ మళ్ళీ. రెండో రోజు చెల్లె నాలుక తడి అయింది. మూడో రోజు నన్ను "అక్కా" అని పిలిచింది. అవ్వ పంపిన పాలు దాదీ నాకే తాగమని ఇచ్చింది. "ఇప్పుడు దొంగతనం గాదు, తాగు," అంది. తాగాను. ఏ రుచీ లేదు. వాటిలో సగం దాదీతో తోడు వేయించాను. వారం పోయాక ఆ పెరుగునే చిలికి పల్చని చల్ల చేసి గంజితో కలిపి చెల్లెకు పోశాం. తర్వాత మెత్తగా ఉడికిన అన్నం. తర్వాత పండిన అరటిపండు, పిసికి. బాపమ్మ చూస్తుండగానే పెట్టాం, దాదీ చదివి పంపిందంటే ఆమె ఒప్పుకుంది. తొలకరి పడేనాటికి చెల్లె గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చి చినుకుల్లో చేయి పెట్టింది. నెల పోయాక దాదీ మంచి పాలు చెంచాడు ఇచ్చి చూసింది, తర్వాత రెండు. ఏమీ కాలేదు.

బస్సులు నడిచాక వేములవాడ పోయాం. కోడె పగ్గం బాపు పట్టుకుంటే, బాపు చేయి చెల్లె పట్టుకుంది. కొత్త రిబ్బన్లు. నేను వెనుక బట్టల మూట పట్టుకుని నడిచాను. కట్టేశాక అవ్వ ఏడుస్తూ, "రాజన్నా, నీ పాలే నా బిడ్డను బతికిచ్చినయి," అంది. దాదీ చెప్పిందని గుడి ఆవరణలోని దర్గా దగ్గర కూడా ఊదుకడ్డీలు వెలిగించింది. నేను రెండు చోట్లా నిలబడి ఒకే మాట అనుకున్నాను: నీకు తెలుసు. ఏం తెలుసో పూర్తిగా చెప్పుకోలేదు. చెల్లె బతికినందుకు దండం పెట్టాను. అది నిజం. దాని తల మీద అవ్వ చేయి చూసి నా తల నేనే నిమురుకున్నాను. అది కూడా నిజం.

కొన్నాళ్ళకు బడులు తెరిచారు. అది పలక పట్టుకుని పోయింది.

అవ్వ, బాపు, బాపమ్మ, దాదీ ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే నేను ముసలిదాన్నయ్యాను.

డాక్టరమ్మ దగ్గర నుంచి వచ్చిన మరునాడు, పాపకు బాగలేదని విని చెల్లె జగిత్యాల నుంచి బస్సు దిగి వచ్చింది. టీచరుగా చేసి రిటైరైంది. ఇస్త్రీ చీర, చేతికి గడియారం. వంటింటి గడప మీద కూర్చుంది. కోడలు ఫోను పట్టుకుని నేను గంజి వడకట్టడం వీడియో తీస్తున్నది. నా దగ్గర ధోవతి గుడ్డ లేదు, పాత చున్నీ ముక్క. అయినా చేయి మరిచిపోలేదు. ఉండ లేదు, నలక లేదు.

ఉప్పు డబ్బాలో వేళ్ళు పెట్టాను.

"అక్కా, జెర చూసి ఎయ్యి," అంది చెల్లె. "మొదటి రోజు నువ్వు నాకు తాపిన గంజిల మస్తు ఉప్పుండె."

చేయి డబ్బాలోనే ఉండిపోయింది. "ఏ మొదటి రోజు?"

"గూట్లె పాలు నువ్వు తాగి, నాకు గంజి పోసుకొచ్చిన రోజు."

కోడలు ఫోను దించింది. మెల్లగా అడిగాను: "నీకెట్ల తెలుసు?"

"నీ మూతి మీద మీగడుండె," అని నవ్వింది.

"మరి అవ్వకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె నువ్వు తాపుడు బంద్ చేస్తవని." పైట చెంగు సర్దుకుంది. "పాలు తాగితె నాకు కడుపుల తిప్పుతుండె, చెప్తె ఎవ్వరు ఇనకపోతుండ్రి. అదొక్కటే గాదు. అవ్వ గిలాస మంచం మీద పెట్టి బీడీల కాడికి పోతుండె, పాపం, పని. నువ్వొక్కదానివే ఆఖరు చుక్క దాక నా తలకాయ చేతిల పట్టుకోని కూసుంటుంటివి. మా అక్కకు నేనంటె గింత పానమా అనుకుంటుంటి."

నేను ఎందుకు అట్లా పట్టుకుని కూర్చున్నానో దానికి చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. ఇక్కడే రాస్తున్నాను.

గంజి గిన్నెలో పోసి చల్లార్చి పాప దగ్గరికి తెచ్చాను. పాప నా చేతిలో గిన్నె వైపు చూసి తల తిప్పుకుంది. కాసేపు అట్లా ఇట్లా తిరిగి, పోయి మా చెల్లె ఒళ్ళోకి ఎక్కింది. చెల్లె నా చేతిలోంచి గిన్నె తీసుకుని, ఏదో బడి పాట పాడుతూ చెంచాతో పోసింది. పాప గుటుకు గుటుకున తాగింది. "చూసినవా, చిన్న బాపమ్మ తాపితె ఎట్ల తాగుతున్నది," అంది కోడలు.

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. కాచింది నేను, వడకట్టింది నేను. లోపల ఆ పాత ముల్లు, ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో, మళ్ళీ కదిలింది. రాజన్నా, ఇది కూడా చూస్తున్నావు కదా, అనుకున్నాను. నన్ను ఇట్లాగే చూస్తూ కూడా మా చెల్లెను నాకు మిగిల్చినందుకు మనసులోనే దండం పెట్టాను.

పాప పెదవి మీద గంజి మీగడ కట్టింది. కొంగు తీసుకుని తుడవడానికి పోయాను.